అట్ట మీద రెండు గుంటలు

డాక్టరమ్మ ఆ ప్రశ్న వేసినప్పుడు మా అత్త పంపమ్మ నా పక్కనే కూర్చుని ఉంది.

“ఇద్దరూ సరిగా కలుస్తాండారా?” అంది డాక్టరమ్మ, రాస్తున్న కాగితం మీది నుంచి తల ఎత్తకుండానే.

నేను నోరు తెరిచేలోపలే అత్త జవాబు చెప్పింది. “కలవకేమమ్మా, ఒకే ఇంట్లో ఉండారు గదా. వాడు యాడికీ పోడు. పొద్దున సైకిలు, తర్వాత కొట్టు. అంతే.”

డాక్టరమ్మ ఈసారి నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆ తల ఊపుకే నాకు మాత్రలు రాశారు, రక్తపరీక్షలు రాశారు, స్కానింగు రాశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్త నా చెయ్యి పట్టుకుని, “భయపడాకు, ఈమె చెయ్యి మంచిదంట” అంది. ప్రేమగానే అంది. విసుక్కుని ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

ఉగాది తర్వాత నుంచి మా ఆయన సచిన్ నన్ను ముట్టుకోలేదు. ఆ సంగతి అత్తకు ఎలా చెప్పాలి, డాక్టరమ్మకు ఎలా చెప్పాలి?

మా ఊళ్లో బెంగళూరు రోడ్డు మీద మాది స్టీలు సామాన్ల కొట్టు. మా మామ రాజగోపాలయ్య గల్లా దగ్గర కూర్చుంటారు, సచిన్ ఎదురుగా కూర్చుంటాడు. ఏ సరుకు తెప్పించాలి, ఎవరికి అరువివ్వాలి, ఫ్యాను ఎంతలో తిరగాలి, అంతా మామ మాటే. ఆయన చెడ్డవారు కాదు. నలభై ఏళ్లుగా ఒక్కరే చూసుకున్న కొట్టు కాబట్టి ఇంకొకరి చేతులు అక్కర్లేని మనిషి, అంతే. సచిన్ పగలంతా ఆ కొట్లో బొమ్మలా ఉండేవాడు. మనిషి బతికి ఉన్నాడని తెలిసేది తెల్లవారుజామున సైకిల్ ఎక్కినప్పుడే.

అది పందేలకు తొక్కే సైకిలు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. దసరాకు ముందు సండూరు ఘాట్‌లో పందెం ఉందని, ఎండాకాలం మొదట్లోనే ఆ హ్యాండిలు ఇంకా కిందికి దించుకున్నాడు. తోరణగల్లు దాకా రోడ్డు చదునుగా ఉంటుంది, గాలి మాత్రం ఎదురు కొడుతుంది. ఆ గాలికి అడ్డుపడకుండా ఛాతీ దాదాపు సైకిల్ మీద పరిచి, ముందుకు వాలి, గంటల తరబడి తొక్కేవాడు. సీటు చూస్తే నాకు భయం వేసేది. నల్లగా, పొడుగు ముక్కుతో, కత్తి పీటలా ఉండేది. గెలిచేవాళ్లంతా అట్లాంటిదే వాడతారని తెప్పించుకున్నాడు. అదునుకు వాన పడక, గనుల లారీల ఎర్రదుమ్ము రోడ్డు పట్టుకుని ఉండేది. ఇంటికి వచ్చేసరికి మోకాళ్ల నుంచి కిందికి మనిషి ఎర్రగా ఉండేవాడు.

స్నానం, టిఫిను, కొట్టు. పక్క మీదికి రాగానే గోడ వైపు తిరిగి, “పొద్దున జల్ది లేయల్ల” అనేవాడు. మొదట్లో అలసట అనుకున్నాను. తర్వాత నా మీద మనసు లేదేమో అనుకున్నాను. ఆ తర్వాత అనుకున్నవి చెప్పుకోవడానికి బాగుండవు.

ఒక ఆదివారం ఆయనతో పాటు యల్లేష్ కూడా ఇంటికి వచ్చాడు. యల్లేష్ దోణిమలై గనిలో పని చేస్తాడు, కొండ దిగి వచ్చి తోరణగల్లు దగ్గర ఈయనతో కలిసి తొక్కుతాడు. ఇద్దరికీ బొరుగుల వగ్గాణి, బజ్జీలు పెట్టాను.

“వదినా, అన్నకు సీటు మార్చమని నువ్వైనా చెప్పు” అన్నాడు యల్లేష్. “ఊరికూరికే దిగుతాండాడు. దిగి నిలబడేది, మళ్లీ ఎక్కేది. ఇట్లయితే ఘాట్ ఏం ఎక్కుతాడు?”

“ఎందుకు? కాళ్లు తిమ్మిరా?”

యల్లేష్ నములుతున్న వాడు ఆగి సచిన్ వైపు చూశాడు. సచిన్ గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

“ఆఁ, కాళ్లే” అన్నాడు యల్లేష్, ప్లేటులోకి వంగి.

అన్న తీరులోనే కాళ్లు కాదని నాకు తెలిసిపోయింది. అయితే ఇంకేమిటన్నది మాత్రం తోచలేదు. యల్లేష్ వెళ్లిపోయాక, “ఏంది అతను చెప్పేది?” అని అడిగాను.

“ఏం లేదు. సుమ్నుండు, ఇంకేం అడగాకు” అన్నాడు సచిన్. ఆ వారంలో కొరియర్‌లో సీటుకు మెత్తటి తొడుగు వచ్చింది. కొన్నాళ్లకు దాని మీదికి ఇంకా మందమైన తొడుగు వచ్చింది. సీటు మెత్తబడే కొద్దీ ఆయన ముఖం ఇంకా గట్టిబడింది.

నా పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని వచ్చాయి. అత్తకు దాంతో నెమ్మది కలగలేదు. ఆమె చెల్లెలి కోడలికి బెంగళూరులో చేయించారట. బొడ్డు దగ్గర చిన్న బొక్క పెట్టి, కెమెరా దించి, లోపల అడ్డం ఏమన్నా ఉంటే అక్కడే తీసేస్తారట. అత్త ఫోన్‌లోనే రోజు కూడా తీసుకుంది. ఆ మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చాక అందరం కలిసి భోంచేస్తుంటే ఆ మాట బయటపెట్టింది.

“వచ్చే గురువారం. మత్తిస్తారంట, ఏం తెలీదంట. నేను కూడా పోతా తోడు.”

“మంచిదే” అన్నారు మామ. “ఎన్నాళ్లని ఇట్ల ఎదురు చూసేది.”

నేను సచిన్ వైపు చూశాను. అందరి ముందూ అంత సూటిగా ఆయన ముఖంలోకి నేనెప్పుడూ చూడలేదు. ఆయన మజ్జిగ చెంబు అందుకుని అన్నంలో పోసుకున్నాడు. కలుపుకున్నాడు. తిని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మరునాడు ఎండకు ఇంటికి రాలేనని, క్యారియరు పంపమని ఫోన్ చేశాడు. నేనే తీసుకుపోయాను. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఉంది. మామ ఇంటికి వెళ్లి ఉన్నారు. సచిన్ మేడ మీది గోడౌన్‌లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. క్యారియరు విప్పి వడ్డించాను.

“వచ్చే గురువారం నా కడుపుకు బొక్క పెడతారంట” అన్నాను.

“అమ్మ చెప్పింది గదా.”

“మీరేం చెప్పలేదు.”

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు.

“నాలో ఏం లోపమని పోయి ఆ బల్ల మీద పండుకోవల్ల? ఉగాది నుంచి మీరు నా పక్కకు రాలేదు. ఇంకెవరన్నా ఉంటే చెప్పండి, సిరుగుప్పలో మా అమ్మోళ్లింటికి పోతా. కెమెరా మాత్రం నాకొద్దు.”

“ఇంకెవరా?” అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నవ్వబోయాడు, అది సగంలోనే విరిగిపోయింది. ప్లేటు పక్కనున్న పెట్టె మీద పెట్టి, ఎంగిలి చెయ్యి గాల్లోనే ఉంచుకుని కూర్చున్నాడు.

“నాకు తెలుస్తా లేదు రశ్మీ.”

“ఏం తెలుస్తా లేదు?”

“ముట్టుకుంటే తెలుస్తా లేదు. పన్ను పీకే ముందర సూదేస్తారు చూడు, అట్ల. ఉండాదో లేదో కూడా.”

నేను ఆయన దేని గురించి చెప్తున్నాడో అర్థం చేసుకుని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆయన ఆగి ఆగి చెప్పాడు. మొదట్లో తొక్కుతున్నప్పుడు మాత్రమే తిమ్మిరెక్కేది. దిగి నిలబడితే పోయేది. తర్వాత ఇంటికి వచ్చాక కూడా ఉండేది. తర్వాత సాయంత్రం దాకా. ఉగాదికల్లా అది పోవడమే మానేసింది. ఒంటేలుకు నిలబడితే వచ్చిందో రాలేదో కిందికి చూసుకుంటే గాని తెలియడం లేదట. నా పక్కకు వస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అందుకే గోడ వైపు తిరిగేవాడు.

“సైకిల్ వల్లనేనా?”

“సైకిల్ వల్లనే. నరం నలుగుతాదంట. అందరూ రాస్తాండారు ఫోన్‌లో.”

“మరి మానేయకూడదా?”

కింద రోడ్డు మీద ఎవరో హారన్ కొడుతూ పోయారు.

“మానేసినాక కూడా తగ్గకపోతే?” అన్నాడు. “ఎక్కుతాన్నంత కాలం సైకిల్ వల్ల అనుకోవచ్చు. దిగినాక ఏమనుకోవల్ల?”

నా కోపం ఎక్కడ పోయిందో నాకు తెలియదు. ఇన్ని నెలలూ ప్రతి తెల్లవారుజామునా ఈ మనిషి ఆ సీటు మీదికి ఎక్కింది పందెం కోసం మాత్రమే కాదని అప్పుడు తెలిసింది.

“మీ అమ్మకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెప్తా” అన్నాడు.

చెప్పాడు. ఆ సాయంత్రమే, దీపం పెట్టి వచ్చిన అత్త ముందర నిలబడి, “బెంగళూరు వద్దుమా. లోపం నా దాంట్లో ఉండాది. హుబ్బళ్లిలో డాక్టరుకు చూపించుకుంటా” అన్నాడు. ఇంకేమీ విడమర్చలేదు. అత్త ముఖం పాలిపోయింది. ఏ లోపం, ఎప్పటి నుంచి అని అడగలేదు. కొడుకును చూడలేక నన్ను చూసింది. నేనే ఏదో చేసినట్టు చూసింది.

“ఆ సైకిలు. నాకు ముందే తెలుసు” అంది చివరికి.

తెల్లారి లేచి చూస్తే వరండాలో సైకిల్ లేదు. మామ దాన్ని గోడౌన్‌లో పెట్టి తాళం వేసి, చెవి తన నడుములోని తాళాల గుత్తికి తగిలించుకున్నారు. ముప్పై దాటిన కొడుకు సైకిలు.

హుబ్బళ్లి డాక్టరు పెద్దాయన. సచిన్‌ను లోపల చూసి వచ్చి, నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టాడు. కన్నడంలో నెమ్మదిగా చెప్పాడు. మనిషి నిటారుగా కూర్చుంటే బరువు పిరుదుల్లోని రెండెముకల మీద పడుతుంది, ఆ ఎముకలు ఉన్నదే అందుకు. అంతగా ముందుకు వాలితే నడుము కూడా ముందుకు దొర్లుతుంది, బరువంతా మధ్యలోని మెత్తటి భాగానికి వస్తుంది. అక్కడే నరం, అక్కడే రక్తం పోయే దారి. సీటు సన్నగా ఉంటే ఎముకలకు ఆసరా దొరకదు, ఉన్న బరువంతా మధ్యలోనే. మెత్తటి తొడుగులు వేస్తే ఎముకలు లోపలికి దిగిపోయి ఆ మెత్తన మధ్యలోకి పొంగి ఇంకా నొక్కుతుందట.

“తగ్గుతుందా?” అన్నాను.

చాలామందికి తగ్గుతుందన్నాడు. రెండు మూడు నెలలు సైకిల్ ముట్టుకోవద్దన్నాడు. ఖచ్చితంగా తగ్గుతుందని మాత్రం అనలేదు. సచిన్ ఆ ఒక్క మాట కోసమే ఆయన ముఖం చూస్తున్నాడని నాకు తెలుసు.

ఆ నెలలు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అత్త నన్ను డాక్టర్ల దగ్గరికి తిప్పడం మానేసింది, నాతో మాట్లాడడం కూడా తగ్గించింది. చుట్టాలు ఫోన్ చేసి బెంగళూరు సంగతి అడిగితే, “అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, తర్వాత చూస్తాం” అని చెప్పేది. నేను పక్కన నిలబడి వినేదాన్ని. నిజం చెప్పమని ఎట్లా అనగలను? ఆమె దాచుకుంటున్నది కొడుకు పరువు. నా బాధ నేను దాచుకోవాల్సిందే.

సచిన్ అలవాటు కొద్దీ చీకటితోనే లేచేవాడు. చేసేదేమీ లేక వరండాలో కూర్చునేవాడు. ఏమన్నా తెలుస్తోందా అని నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్పాలి కదా. ఆలస్యంగా వానలు పడ్డాయి. సండూరు కొండలు పచ్చబడ్డాయని యల్లేష్ ఫొటోలు పంపాడు. దసరాకు ముందు పందెం జరిగిపోయింది. అందులో యల్లేష్ ఎన్నో స్థానమో కూడా ఈయన అడగలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున నేను వంటింట్లో కాఫీకి పాలు కాస్తుంటే వెనక వచ్చి నిలబడి, “కొంచెం తెలుస్తాండాది” అన్నాడు. వెంటనే, “కొంచెమే” అన్నాడు. నేను తల ఊపాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

ఆ కొంచెం పెరగడానికి దీపావళి దాకా పట్టింది. గోడ వైపు తిరగడం మానేశాడు. అలాగని అంతా మామూలు అయిపోలేదు. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, లోపలి నుంచి ఏదో వింటున్నట్టు ఉండిపోయేవాడు. భయం ఆయన్ను వదల్లేదు. దారిలో ఎవరన్నా సైకిల్ తొక్కుతూ పోతే ముఖం తిప్పుకునేవాడు. అది నేను చూడలేకపోయాను.

“మామా, గోడౌన్ తాళం చెవి ఇస్తారా” అన్నాను ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక.

ఆయన నన్ను చూశారు. “ఏం కావాల్నమ్మా?”

“సైకిల్.”

అత్త వంటింట్లోంచి వచ్చేసింది. “నీకేమన్నా బుద్ధుండాదా? ప్రాణం ఇప్పుడిప్పుడే కుదుటబడుతాంటే మళ్లా దాన్నెక్కిస్తావా? నువ్వు ఆడదానివేనా?”

సచిన్ లేచి వెళ్లబోయాడు. నేను ఆగమని అనలేదు, ఆయనే ఆగాడు.

“ఆ సైకిల్ అంటే నాకు మీకన్నా పగ అత్తా” అన్నాను. “గోడౌన్‌లో ఉంటే మాత్రం ఆయన ఎన్నేండ్లు గడిచినా తనలోనే ఏదో చెడిపోయిందని అనుకుంటాడు. సీటు చెడ్డదని తెలుసుకోనీండి.”

మామ చాలాసేపు తాళాల గుత్తి చేతిలో తిప్పారు. తర్వాత చెవి తీశారు గాని నాకు ఇవ్వలేదు, సచిన్‌కు కూడా ఇవ్వలేదు. మాకిద్దరికీ మధ్యలో బల్ల మీద పెట్టి పడుకోవడానికి వెళ్లారు.

గోడౌన్‌లో సైకిల్ మీద దుమ్ము పేరుకుని ఉంది. సచిన్ దాన్ని ముట్టుకోలేదు. సీటు ఎంత వెడల్పు కావాలో ముందు ఎముకలు కొలుచుకోవాలని ఫోన్‌లో ఎప్పుడో చూశాడట, తీరా కొలుచుకోవాలంటే సిగ్గేసిందట. అట్టకు మా గోడౌన్‌లో కొదవలేదు. ప్రెషర్ కుక్కర్ల పెట్టె ఒకటి చింపి, లోపల గీతలు గీతలుగా ఉండే మందమైన ముక్క తీసి మెట్టు మీద పరిచాను.

“కూసోండి. సైకిల్ మీద ఎట్ల వాలుతారో అట్ల.”

కూర్చున్నాడు. ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుని, హ్యాండిల్ ఉన్నట్టుగా చేతులు చాచాడు. నేను భుజాల మీద చెయ్యి వేసి ఇంకాస్త నొక్కాను. లేచాక చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. వెలుతురు చాలక సరిగా కనిపించలేదు. పెట్టెల మీద గుర్తులు వేసే చాక్‌పీసు అడ్డంగా రుద్దాను. చుట్టూ తెల్లబడింది, గుంటలు మాత్రం గోధుమరంగులోనే నిలిచాయి. కుడివైపుది ఎడమదాని కన్నా లోతుగా ఉంది.

“వంకరగా కూసుంటాండానా?” అన్నాడు, నా పక్కన గొంతుక్కూర్చుని.

“అట్లనే ఉండాది. ఆసరా దొరక్క ఒక పక్కకు జరుగుతాండారు.”

టేపు పెట్టి మధ్యకు మధ్య కొలిచాను. పాత సీటు వెనకభాగం కొలిచి చూస్తే, రెండెముకలూ దాని అంచుల మీదే వేలాడుతున్నాయి. ఇన్నాళ్లూ ఆయన కూర్చున్నది ఎముకల మీద కాదు. ఆయన తన వేళ్లు ఒక గుంటలో పెట్టి చూసుకున్నాడు. నేను రెండోదాంట్లో పెట్టాను. ఆయన అప్పుడు ఏడ్చాడు. పెద్దగా కాదు. గోడౌన్‌లో మేమిద్దరమే ఉన్నాం. నేను టేపు చుట్టుకుంటూ కూర్చున్నాను.

మంచి సీటు ఒక్కసారిగా దొరకలేదు. మొదట తెప్పించింది వెడల్పు సరిపోయింది గాని తొడలు ఒరుసుకున్నాయి. వరండా చుట్టూ తిరిగి చూసి వెనక్కి పంపేశాడు. రెండోది యల్లేష్ కొన్నాళ్లు వాడి వదిలేసినది. అది మెత్తన ఎక్కువై మళ్లీ పాత తిమ్మిరి జాడ కనపడింది. ఆ రోజంతా సచిన్ అన్నం ముట్టలేదు. అత్త నాకు వినపడేట్టు దేవుడి ముందర ఏదో అనుకుంది. నాకూ ధైర్యం జారిపోయింది. తాళం చెవి మళ్లీ బల్ల మీద పెట్టేద్దామా అని కూడా అనుకున్నాను.

మూడోది పొట్టిగా ఉంది. ముక్కు సగం కోసేసినట్టు, మధ్యలో పొడుగునా ఖాళీ. వేలితో నొక్కితే గట్టిగా ఉంది. ముందువైపు కొంచెం కిందికి వంచి బిగించాడు, హ్యాండిలు కాస్త పైకి లేపుకున్నాడు. మామ కుర్చీలో కూర్చుని పేపరు పట్టుకుని అదంతా చూశారు.

మర్నాడు తెల్లవారుతుండగా తోరణగల్లు వైపు వెళ్లాడు. మధ్యమధ్యలో లేచి నిలబడి తొక్కమని చెప్పాను, అది ఆయనకూ తెలుసు. నేను గేటు దగ్గర రెండుసార్లు ముగ్గు వేశాను.

ఎండ బాగా ఎక్కాక వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు.

“ఎట్లుండాది?”

“నొప్పి” అన్నాడు. “కూసునే కాడ రెండెముకలూ పచ్చిపుండ్ల మాదిరి ఉండాయి. అడుగేస్తే సలుపుతాండాది.”

“నడుమ?”

“నడుమ బాగుండాది” అన్నాడు. “అంతా తెలుస్తాండాది రశ్మీ.”

అత్త బయటికి వచ్చింది. “ఏంది, నొప్పంటాండావు?”

“కూసునే కాడ నొప్పిమా.”

“చెప్తే విన్నారా” అంది, నా వైపు తిరిగి. “నీ పుణ్యమే ఇది.”

“అవునత్తా” అన్నాను.

ఆమె గొణుక్కుంటూ నీళ్లు కాచడానికి లోపలికి పోయింది. నేను ఉప్పిట్టు తెచ్చాను. సచిన్ కూర్చోబోయి, ముఖం ముడుచుకుని మళ్లీ లేచాడు. గోడకు భుజం ఆనించి నిలబడే తిన్నాడు. నేను కూడా నా ప్లేటు తెచ్చుకుని ఆయన పక్కన నిలబడి తిన్నాను.